ఆపరేషన్ తువ్వాల

జగిత్యాల మామిడి మార్కెట్‌లో ఆ పొద్దున హంతకుడి గురి జానెడు దూరంలో తప్పింది. తూటా భూమేశ్ చెవి పక్కనుంచి దూసుకుపోయి బంగినపల్లి పెట్టెలో దిగింది. సైలెన్సర్ బిగించిన పిస్టల్ కావడంతో చప్పుడు రాలేదు. వచ్చినా వినే తీరిక అక్కడ ఎవరికీ లేదు, వేలంపాట అంత జోరు మీద ఉంది.

భూమేశ్ నెత్తి మీది పెట్టె పడేయకుండానే ఒక పక్కకు ఒరిగాడు. ఖాకీ చొక్కా, తలకు చుట్టిన తువ్వాల, భుజాన మామిడి సొన మరకలు. ఎవరు చూసినా హమాలీ అనుకోవలసిందే. లారీల సందులోంచి ఒక బైకు లేచి రోడ్డెక్కి మాయమైంది. అతను వెంటపడలేదు. నెత్తిన బరువుతో బైకు వెనక పరుగెత్తే హమాలీని ఎవరూ చూసి ఉండరు, వేషం అక్కడే చెడుతుంది.

భూమేశ్ అనే పేరుతో గూఢచారి ఉంటాడా అని మీకు అనుమానం రావచ్చు. ఎందుకుండడు? సిరిసిల్లలో ఆ పేరు పెట్టి పిలిస్తే వీధికి నలుగురు పలుకుతారు. అంతకు మించిన మారువేషం ఏ డిపార్ట్‌మెంటు ఇవ్వగలదు?

అతను పెట్టెను ఒక కమీషన్ దుకాణం వెనక దింపాడు. అక్కడ వరిగడ్డి పరుపు మీద కూర్చుని కాయలు ఏరుతున్న షావుకారు తల ఎత్తలేదు.

"రసాలున్నయా సేటూ?" అన్నాడు భూమేశ్.

"ఉన్నయి గాని పీచెక్కువ."

కోడ్ సరిపోయింది. షావుకారు వేషంలో ఉన్న చీఫ్ ప్రేమ్‌కుమార్ ఒక కాయ అందించి పక్కన చోటు చూపించాడు.

"నా మీద కాల్చిన్రు సార్," అన్నాడు భూమేశ్.

"చూసిన. మంచి పెట్టె ఖరాబైంది." చీఫ్ గొంతు తగ్గించాడు. "భూమేశ్, షాకీర్ ఇయ్యాల బయటికస్తుండు."

భూమేశ్ చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. షాకీర్‌ది కోరుట్ల. సముద్రం అవతల ఒక రేవు పట్నంలో ఏసీ మెకానిక్. ఊళ్ళో అందరికీ తెలిసింది అంతే. రెండేళ్ళుగా ఆ ఏసీలు బాగుచేసే వంకతో ఒక విదేశీ ముఠా గుట్టంతా మన దేశానికి చేరవేస్తున్నది అతనే. అతన్ని ఈ పనిలోకి దించింది భూమేశే, వీసా ఏజెంట్ వేషంలో.

"ముఠాకు అనుమానం అచ్చింది," అన్నాడు చీఫ్. "ఆయన దాక్కున్నడు. ఇయ్యాల బువ్వ తినే వేళకు మన పడవ ఒడ్డుకు పోతది. ఆయన జేబుల ఉన్న బీకన్ ఆన్ చేస్తడు. అది పలికితెనే పడవకు ఆయన జాడ దొరుకుతది. కాని పలికిన క్షణంల దాన్ని పసిగట్టేటిది ఒకటున్నది. మన పడవకన్న ముందు వాళ్ళు చేరుతరు."

"జర ఆగుమని షాకీర్‌కు కబురు పెట్టుండ్రి."

"ఎట్ల పెడ్తం? ఆయన ఫోను పారేసిండు. మన మాట ఆయనకు చేరది. ఆయన ఆన్ చేసుడు ఖాయం. ఆ పసిగట్టే సర్వీసును ఆపుడొక్కటె మన చేతిల ఉన్నది. దాని పేరు కావలి. ఒక సర్వర్ మీద నడుస్తది."

"సర్వర్ ఏ దేశంల ఉన్నది?"

"సిరిసిల్లల."

భూమేశ్ నోరు తెరిచాడు.

"నీ లెక్కనె అది గూడ వేషమేసుకున్నది," అన్నాడు చీఫ్. "సాంచల షెడ్డుల ఒక మూలకు కూసున్నది."

సాంచలంటే సిరిసిల్లలో మరమగ్గాలు. భూమేశ్ వాటి చప్పుడు మధ్య పుట్టి పెరిగినవాడు. "సర్వర్ అంటె ఇనుప డబ్బనే గద సార్. సుత్తె తీసుకొని పోత."

"సుత్తె పెడ్తె షాకీర్ సచ్చిపోతడు. డబ్బా ఆగిందని తెలిస్తె ఇంకో దేశంల దాని జోడు డబ్బా లేస్తది. అది మన చేతికందది. అందుకె డబ్బా నడవాలె. దాని లోపల పని చేస్తున్న కావలి ఒక్కటె ఆగాలె."

"ఒక్కటె ఎట్ల ఆగుతది?"

"అది తెర మీద కనబడది, భూమేశ్. బ్యాక్‌గ్రౌండ్ సర్వీస్ అంటరు. ఒకసారి స్టార్ట్ అంటె మొదలైతది. ఎవలు చూసినా చూడకున్నా వెనక నుంచి పని చేస్కుంట పోతది. స్టాప్ అనేదాక ఆగది."

"మా నాయిన గూడ గంతె," అన్నాడు భూమేశ్.

చీఫ్ ఒక ఇయర్‌బడ్, ఒక పెన్ను ఇచ్చాడు. పెన్ను క్యాప్‌లో నిద్రమాత్ర ఉంది. "స్టాప్ అనేటందుకు పాస్‌వర్డ్ కావాలె. అది కోరుట్లల కళ్యాణికి తెలుసు."

"సార్, ఆమె ఇంతకు మన దిక్కా, వాళ్ళ దిక్కా?"

"ఆ సంగతి ఆమెకు గూడ తెల్వది. పో, పొద్దెక్కుతున్నది."

* * *

కోరుట్లలో కళ్యాణి బ్రైడల్ స్టూడియో మెట్లు ఎక్కేటప్పటికి భూమేశ్ హమాలీ కాదు. తెల్లచొక్కా, నల్లద్దాలు, అత్తరు వాసన, చేతిలో తోలు సంచి. గల్ఫ్ వీసా ఏజెంట్. తలకు చుట్టిన తువ్వాల మాత్రం మడత పడి సంచిలోకి చేరింది.

కళ్యాణి అద్దం ముందు నిలబడి సొంత కనుబొమ్మలు దిద్దుకుంటోంది. నల్ల షిఫాన్ చీర, ఎర్రటి గోళ్ళు. పెళ్ళికూతుళ్ళను ముస్తాబు చేసే మనిషి తానే పెళ్ళికి పోతున్నట్టుంటుంది ఎప్పుడూ. హైదరాబాద్‌లో సిస్టమ్ అడ్మిన్‌గా పనిచేసి వచ్చిందని ఆమెను చూస్తే ఎవరూ అనుకోరు. సిరిసిల్లలో ఆ డబ్బాను ముఠా కోసం నిలబెట్టింది ఆమె. నిలబెట్టానని మన డిపార్ట్‌మెంటుకు చెప్పిందీ ఆమే.

"పొద్దున నీ మీద కాల్చింది విక్టర్ మనిషి," అంది అద్దంలోంచే. విక్టర్ ముఠా తరఫున ఇక్కడ తిరిగే మనిషి, తెలుగు రానివాడు, పైకి బట్టల ఎక్స్‌పోర్టర్. "నువ్వు మార్కెట్ల ఉంటవని నేనే చెప్పిన."

"చెప్పినవా!"

"జీతం తీసుకుంటున్న గద, ఏదన్న ఒకటి చెప్పాలె. నీకు తగలదని నాకు తెలుసు. వానికి మెల్లకన్ను." ఆమె ఇటు తిరిగింది. "విను. నువ్వు స్టాప్ కొడితె కావలి ఆగుతది. ఆగినంక దానంతటదె మళ్ళ లేచేటట్టు ఏర్పాటుండె. అది నేను తీసేసిన."

"అయితె ఇగ లేవది."

"దానంతటది లేవది. లేపేటాయిన ఉన్నడు. విక్టర్ తెలివిగలోడు, ప్రోగ్రాంను నమ్మడు. ఒక మనిషిని పెట్టుకున్నడు. పేరు కిష్టయ్య. స్టార్ట్ కావాలంటె ఆయన బొటనవేలు పడాలె, ఇంకెవలి వేలు నడవది. రేపు కేసయితె వేలిముద్ర ఎవలిదో జైలు వాళ్ళకే."

"ఆయన ముఠా మనిషా?"

"నీళ్ళసొంటి మనిషి. షెడ్డుకు చీరల ఆర్డర్లు తెచ్చే మిషనని చెప్పిండ్రు, నమ్మిండు. ప్రోగ్రాంను ఆపుడు నా పని, అయిపోయింది. మనిషిని ఆపుడు నీ పని."

భూమేశ్ పాస్‌వర్డ్ అడిగాడు. ఆమె తెర పక్కకు జరిపి, "అఫ్రీన్, గీ సార్‌కు అరచేతిల చిన్న మెహందీ పెట్టు, నేను చెప్పినట్టు," అంది.

మెహందీ కోన్ పట్టుకుని వచ్చిన అమ్మాయిని భూమేశ్ గుర్తుపట్టాడు. ఆమె షాకీర్ భార్య.

"సలామ్ భాయ్," అంది అఫ్రీన్ స్టూలు లాక్కుని. అతని కుడిచేయి అందుకుంది. కళ్యాణి ఒక్కో అక్షరం చెబుతుంటే ఆమె తీగల మధ్య, మామిడిపిందెల మధ్య కలిపేస్తూ పోయింది. అదేమిటని అడగలేదు. ఆమె అడగదలచుకున్నది వేరే ఉంది.

"భాయ్, ఆయన ఫోన్ చేస్తలేడు. ఎన్నిసార్లు కొట్టినా స్విచాఫ్. మీరె గద వీసా ఇప్పించిన్రు. కంపెనీల జర పూఛ్‌కే చెప్పుండ్రి."

"అడుగుత చెల్లె."

"ఏమన్న అయ్యిందా భాయ్? నాకు చెప్పుండ్రి. నేను ఏడ్వ."

ఆమె అప్పటికే ఏడుస్తోంది. కోన్ మాత్రం వణకలేదు, చేతికి అలవాటైన పని. ఏడు భాషల్లో అబద్ధమాడే శిక్షణ ఉంది భూమేశ్‌కు. ఆ స్టూలు ముందు ఒక్క భాషా పనికి రాలేదు. తన మొగుడి ప్రాణం తన చేత్తోనే రాస్తున్నదని ఆమెకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పకూడదు. అతను అరచేతి వంక చూస్తూ కూర్చున్నాడు. మనిషి అంత చేతగానివాడిగా కూర్చోవడం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

* * *

సిరిసిల్ల షెడ్డులో మాట వినబడాలంటే చెవిలో అరవాలి. సాంచలన్నీ ఒక్కసారిగా నడుస్తుంటే నేల అదురుతుంది. నూనె మరకల చొక్కా, చేతిలో స్పానర్లు, మెడలో ఆ పాత తువ్వాలతో భూమేశ్ సాంచల మెకానిక్ అయ్యాడు. అది వేషం కాదని చెప్పాలి. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ అతను చేసిన పని అదే.

మూలన అద్దాల గదిలో డబ్బా ఉంది. దానికి పసుపు, కుంకుమబొట్టు, పైన ఒక బంతిపువ్వు. గోడ మీద చిన్న బల్బు, పచ్చగా వెలుగుతోంది. బల్బు కింద ఒక లోహపు పిడి, పిడి మధ్యలో వేలు పెట్టే గాజుబిళ్ళ. ముందు చాప మీద కాషాయ బట్టల్లో, మెడలో మాలతో, చెప్పుల్లేని కాళ్ళతో కిష్టయ్య కూర్చుని ఉన్నాడు. కొండగట్టు అంజన్న దీక్షలో ఉన్నాడు.

"స్వామీ, వోల్టేజ్ చెక్ చేసుకుంట," అన్నాడు భూమేశ్. "ముందుగాల చాయ తాగు. నీ కోసమే తెచ్చిన."

పెన్ను క్యాప్‌లోని మాత్ర అప్పటికే ఆ చాయలో కలిసి ఉంది.

"దీక్షల బయటిది ముట్ట కొడుకా. నువ్వు తాగు."

డిపార్ట్‌మెంటు వారు ఎంతో ఖర్చుపెట్టి తయారు చేయించిన మాత్ర అలా గ్లాసులోనే చల్లారింది. భూమేశ్ తాగినట్టు నటించి కిటికీలోంచి పారబోశాడు. తర్వాత డబ్బా వెనక కూర్చుని కీబోర్డ్ అందుకున్నాడు. అరచేయి చూసుకుంటూ పాస్‌వర్డ్ కొట్టాడు. స్టేటస్ అడిగాడు. కావలి, రన్నింగ్. స్టాప్ అన్నాడు. మళ్ళీ అడిగాడు. కావలి, స్టాప్డ్.

పచ్చబల్బు ఎర్రబడింది. అంత సులభమా అనుకుని ఊపిరి వదిలాడు భూమేశ్.

కిష్టయ్య తలెత్తి చూశాడు. లేచాడు, అంజన్నకు దండం పెట్టుకున్నాడు, బొటనవేలు గాజు మీద ఆనించాడు. బల్బు పచ్చబడింది.

"అప్పుడప్పుడు ఆగుతది," అన్నాడు తృప్తిగా. "నేనుండంగ ఏం ఫికర్ లేదు."

భూమేశ్ మళ్ళీ ఆపాడు. కిష్టయ్య మళ్ళీ లేపాడు. ఈసారి, "నువ్వు అచ్చినంక ఊకె ఆగుతున్నది, నీ చెయ్యి మంచిది గాదు," అని ఒక మాట కూడా అన్నాడు. మూడోసారి ఆపేముందు సారక్క పిలుస్తోందని చెప్పి కిష్టయ్యను బయటికి పంపాడు. షెడ్డులో నూలు కండెలు చుట్టే సారక్క, "నేనెక్కడ పిలిచిన?" అని అరిచింది. కిష్టయ్య వెనక్కి వచ్చి ఎర్రబల్బు చూసి పరుగున వేలు పెట్టాడు.

"స్వామీ, కొద్దిసేపు ఆగి ఉంటె ఏమైతది?" అన్నాడు భూమేశ్. గొంతులో బతిమాలుకోవడం అతనికే వినబడింది.

"ఏమైతదంటవా? ఆర్డర్ పోతది. ఆర్డర్ పోతె గీ షెడ్డుల ఎన్ని ఇండ్లల్ల పొయ్యి ఆరిపోతది? నా ఒక్కనికి సంబంధించింది గాదు గది. ఆగిన మిషన్ చూస్తె కొడుకా, నా చేతులు ఊకుండయి."

ఇందులో కిష్టయ్య తప్పేమీ లేదు. సిరిసిల్లలో ఎవరి చేతులూ ఊరుకోవు. పక్కవాడి సాంచ ఆగి ఉంటే, దారిన పోయేవాడైనా పోగు కలిపి హ్యాండిల్ లాగి పోతాడు. మనకెందుకని పోయేవాణ్ణి మనిషిగా చూడరు.

చెవిలో చీఫ్ గొంతు పలికింది. "పడవ ఒడ్డుకు దగ్గరైంది. కావలి ఆగిందా?"

"ఆపుతున్న సార్. ఆయన లేపుతుండు. ఆపుతున్న, లేపుతుండు."

"ముసలాయనను పక్కకు తప్పించు, భూమేశ్."

తప్పించడమంటే ఏమిటో ఈ వృత్తిలో ఎవరూ విడమరచి చెప్పరు. భూమేశ్ చెయ్యి చొక్కా కిందికి పోయి పిస్టల్ మీద ఆగింది. ఎదురుగా కిష్టయ్య బంతిపువ్వు వాడిపోయిందని తీసి, కొత్తది పెడుతున్నాడు. అటు సముద్రం ఒడ్డున షాకీర్ జేబులో చెయ్యి పెట్టి ఉంటాడు. ఇద్దరూ భూమేశ్‌ను నమ్మినవాళ్ళే. ఒకరిని కాపాడాలంటే ఒకరిని చంపాలా? భూమేశ్ పిస్టల్ మీంచి చెయ్యి తీసేశాడు. నిజం చెబుదామంటే వీల్లేదు, చెప్పినా సాంచల మెకానిక్ మాట, సముద్రం, పడవ, విదేశీ ముఠా... ఎవడు నమ్ముతాడు? చెమట కారిపోతుంటే తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు.

తువ్వాల ముఖం మీదే ఆగిపోయింది.

భూమేశ్ తండ్రికి కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. అతను సాంచ ఆపి, లోపల చెయ్యి పెట్టి తెగిన పోగు కలుపుతుంటే, అటుగా పోతున్న ఒక మంచిమనసున్నవాడు ఆగిన సాంచ చూసి ఓర్వలేక హ్యాండిల్ లాగాడు. ఆ మంచివాడు తర్వాత ఏడ్చిన ఏడుపు భూమేశ్‌కు ఇంకా గుర్తుంది. అలాంటివి ప్రతి షెడ్డులోనూ జరిగాయి. అందుకే ఒక కట్టుబాటు వచ్చింది. చెయ్యి లోపల పెట్టేవాడు ముందు తన తువ్వాల హ్యాండిల్‌కు కడతాడు. కట్టినవాడే విప్పాలి. షెడ్డు ఆసామి వచ్చినా, ఆర్డర్ పోయినా, ఇంకొకడి చెయ్యి దాని మీద పడకూడదు.

భూమేశ్ నాలుగోసారి స్టాప్ కొట్టాడు. బల్బు ఎర్రబడింది. కిష్టయ్య లేచి దండం పెట్టుకునేలోపు వెళ్ళి, ఆ లోహపు పిడికి గాజుబిళ్ళ మూసుకుపోయేలా తువ్వాల చుట్టి, నేతగాళ్ళ ముడి వేశాడు.

కిష్టయ్య బొటనవేలు గాలిలో ఆగిపోయింది.

"ఎవలది తువ్వాల?"

"నాదే స్వామీ."

"డబ్బల చెయ్యి ఎట్ల పడ్తది? మూతేసి ఉన్నది గద."

"చెయ్యి గాదు స్వామీ. మనిషే ఉన్నడు." భూమేశ్ ముడి మీంచి చెయ్యి తీయలేదు. "కోరుట్ల పిలగాడు. షాకీర్. నేనే పంపిన. ఇప్పుడు గిది నడిస్తె ఆయన బతకడు. ఎట్లనో నన్ను అడుగకు, నేను చెప్పలేను."

కిష్టయ్య డబ్బా వైపు చూశాడు, తువ్వాల వైపు చూశాడు, భూమేశ్ ముఖం వైపు చూశాడు. ఇరవై ఏళ్ళ వయసు నుంచి సాంచలు నడిపిన మనిషి, కట్టిన తువ్వాలను చూసి కారణం అడగడం అదే మొదటిసారి. రెండోసారి అడగలేదు.

"ఆర్డర్ పోతె పోనీ," అన్నాడు. చాప తెచ్చి పిడి ముందు వేసుకుని కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే అద్దాల తలుపు తెరుచుకుంది. ముందు పిస్టల్, దాని వెనక లేత రంగు సూటులో విక్టర్. పక్కన కళ్యాణి, కనుబొమ్మ కూడా కదలకుండా.

"హ్యాండ్స్ అప్!"

భూమేశ్ చేతులెత్తాడు. కుడి అరచేతిలో మెహందీ ఎర్రగా పండి ఉంది. తీగల మధ్య అక్షరాలు చదివి విక్టర్ నవ్వాడు. ఆపినందుకు శభాష్, ఇక లేపడానికి ఒక వేలు చాలు అని ఇంగ్లీషులో అన్నాడు. ఒక చేత్తో భూమేశ్ పిస్టల్ లాగేసుకున్నాడు. "కళ్యాణీ, ఈ ముసలాడికి చెప్పు. ఇప్పుడే స్టార్ట్ చేయకపోతే కాల్చేస్తానని చెప్పు."

కళ్యాణి కిష్టయ్య వైపు వంగి వినయంగా అంది. "స్వామీ, సారు అడుగుతుండు. గా తువ్వాల ఏందట? జర వివరంగ చెప్పుమంటుండు."

కిష్టయ్యకు అలా ఆసక్తిగా అడిగే సేటు ఎప్పుడూ దొరకలేదు. సాంచ అంటే ఏమిటో, పోగు ఎలా తెగుతుందో, చెయ్యి ఎక్కడిదాకా పోతుందో, ఏ షెడ్డులో ఎవరి వేళ్ళు పోయాయో మొదలుపెట్టాడు. విక్టర్ ఒక వాక్యం, రెండు వాక్యాలు ఓపిక పట్టాడు. "ఏమంటున్నాడు?"

"ఆలోచిస్తున్నాడట," అంది కళ్యాణి ఇంగ్లీషులో.

విక్టర్ ఆమెను ఒక్క చూపు చూశాడు. ఆమె ఈ రోజు ఏ దిక్కు జీతానికి పనిచేస్తున్నదో అతనికి అర్థమైంది. ఆమెను గోడకు తోసేసి, తానే తువ్వాల పట్టుకుని గుంజాడు. నేతగాళ్ళ ముడి గుంజితే ఊడదు, బిగుసుకుంటుంది.

"ఓరి లంగోడా! తువ్వాల మీద చెయ్యేస్తవా?"

అరిచింది సారక్క. అద్దంలోంచి ఆమె అంతా చూస్తోంది. ఆమె పక్కవాడు తన సాంచ ఆపాడు. అతన్ని చూసి ఇంకొకడు. చప్పుడు ఒక్కో వరుసా తగ్గుతూ వచ్చి, చివరికి షెడ్డంతా నిశ్శబ్దమైంది. పనివాళ్ళంతా వచ్చి అద్దాల గది చుట్టూ నిలబడ్డారు.

విక్టర్ పిస్టల్‌ను కిష్టయ్య కణతకు ఆనించాడు. గుంపు అక్కడే ఆగింది. భూమేశ్ కూడా ఆగాడు. కిష్టయ్య బొటనవేలిని లోపల పెట్టి పిడికిలి బిగించాడు.

"అంజన్న చూస్తుండు సేటూ," అన్నాడు. "లోపల మనిషున్నడు."

విక్టర్ తువ్వాల అంచును గాజు మీంచి పక్కకు జరిపాడు. ముడి ఊడకపోయినా వేలు పట్టే సందు దొరికింది. పిడికిలి వేళ్ళు ఒక్కొక్కటే విరిచి తీయసాగాడు. చిటికెనవేలు. ఉంగరపువేలు. కిష్టయ్య పళ్ళు బిగించాడు, అరవలేదు. భూమేశ్ రెండడుగుల దూరంలో ఉన్నాడు. కదిలితే ఆ తల పగిలిపోతుంది. ఎన్నో దేశాల్లో ఎన్నో గోడలు దూకినవాడు, చేతులు పైకెత్తి, ఒక ముసలివాడు తన బదులు నొప్పి భరిస్తుంటే చూస్తూ నిలబడ్డాడు. అతని కళ్ళలోంచి నీళ్ళు కారాయి, తుడుచుకోవడానికి కూడా చేతులు దింపే వీల్లేదు.

నడిమివేలు వచ్చింది. చూపుడువేలు వచ్చింది. బొటనవేలు బయటపడింది. విక్టర్ దాన్ని గాజు మీదికి లాగాడు. ఇంకో గింజంత దూరం.

చెవిలో చీఫ్ గొంతు, ముక్కుతో ఏడుస్తున్నట్టుగా ఉంది.

"చీర ఇల్లు చేరింది. భూమేశ్, చీర ఇల్లు చేరింది!"

"విక్టర్," అన్నాడు భూమేశ్. "ఇగ నొక్కించుకో. పిలగాడు పడవెక్కిండు."

మాట అర్థం కాకపోయినా తన పేరు విని విక్టర్ తల తిప్పాడు. ఆ తిప్పిన క్షణంలో సారక్క గంప ఎత్తి కండెలన్నీ అతని కాళ్ళ కిందికి బోర్లించింది. నున్నటి కండెల మీద ఖరీదైన బూట్లు నిలుస్తాయా? తూటా రేకుల కప్పులోంచి ఆకాశానికి పోయింది. విక్టర్ పడ్డాక భూమేశ్ ఒక్క గుద్దే గుద్దాడు. మిగతాది షెడ్డు చూసుకుంది. పోలీసులు వచ్చేసరికి అతను చీర బట్టలో మెడదాకా చుట్టి ఉన్నాడు, నిగ్గు తేలిన నేతపని.

* * *

కోరుట్లలో అఫ్రీన్ ఫోన్ మోగినప్పుడు భూమేశ్ స్టూడియో మెట్ల మీదే ఉన్నాడు. లోపలినుంచి ముందు ఆమె తిట్లు వినబడ్డాయి, ఉర్దూలో కొన్ని, తెలుగులో కొన్ని. తర్వాత ఏడుపు. తర్వాత నవ్వు. అతను పైకి ఎక్కలేదు. వేళ్ళు విరిగిన కిష్టయ్యకు కట్టు కట్టించి వచ్చాడు, ఆయన ముఖమే కళ్ళముందు ఉంది. కూర్చుని అరచేయి చూసుకుంటుంటే చీఫ్ ఫోన్ చేశాడు.

"శభాష్ భూమేశ్. ఇప్పుడు ఒక చిన్న ఇబ్బంది. హైదరాబాద్ నుంచి టెక్నికల్ టీం అచ్చింది. డబ్బా తీసుకపోవాలె. కిష్టయ్య ముట్టనిస్తలేడు."

"ఆర్డర్ కాయిదం చూపెట్టుండ్రి సార్."

"చూపెట్టినం. చదువుకున్నడు. మంచిగుందన్నడు. ఐజీ సార్ ఫోన్ల మాట్లాడితె నమస్తె పెట్టిండు. కట్టినోడే అచ్చి విప్పాలంటుండు. షెడ్డు షెడ్డంత ఆయన ఎనక నిలవడ్డది. మేము బయట నిలవడి చాయ తాగుతున్నం."

భూమేశ్ లేచి, వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయే బస్సెక్కాడు. ఎండ మండిపోతోంది. ముఖం తుడుచుకుందామని మెడలో తడుముకున్నాడు గాని, తువ్వాల లేదు.